మూడు దిశలే ఎందుకు పెద్దవయ్యాయి? తొలి విశ్వం, అదనపు డైమెన్షన్ల క్వాంటమ్ లెక్క

క్లుప్తంగా

పొడవు, వెడల్పు, ఎత్తులతో పాటు ఇంకొన్ని దిశలు ఉండొచ్చన్న ఆలోచనకు వందేళ్లు దాటాయి. అవి చుట్టుకుపోయి అతి చిన్నవిగా ఉంటే మన కంటికి, ప్రయోగాలకు దొరకవు. అంతవరకు పెద్ద ఇబ్బంది లేదు. విశ్వం మొదలైనప్పుడు మూడు దిశలే పెరిగి మిగతావి ఎందుకు ఆగిపోయాయి, ఆగినవి 1,380 కోట్ల ఏళ్లుగా మారకుండా ఎలా ఉన్నాయి అన్నవే కష్టమైన ప్రశ్నలు. మొదటిదానికి క్వాంటమ్ కాస్మాలజీ (మొత్తం విశ్వానికి క్వాంటమ్ లెక్క వేసే రంగం), స్ట్రింగ్ సిద్ధాంతం (కణాలన్నీ అతి చిన్న తీగల కంపనాలే అనే సిద్ధాంతం) కొన్ని జవాబులు ఇచ్చాయి కానీ ఏదీ ఖాయం కాలేదు. రెండోది ఇంకా గట్టి ప్రశ్న. ఇప్పటిదాకా ఏ ప్రయోగంలోనూ అదనపు డైమెన్షన్ జాడ కనిపించలేదు.

కన్ఫ్యూజన్ ఎక్కడ మొదలవుతోంది

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఇంటర్, డిగ్రీ ఫిజిక్స్ చదివే విద్యార్థికి గురుత్వాకర్షణ అంటే న్యూటన్ సూత్రం, కొంచెం ముందుకెళ్తే సాపేక్ష సిద్ధాంతం పరిచయం. విశ్వం పుట్టుక మీద క్వాంటమ్ లెక్కలు ఆ సిలబస్‌లో దాదాపు ఉండవు. ఆ ఖాళీని యూట్యూబ్ నింపుతోంది. ‘విశ్వానికి పదకొండు డైమెన్షన్లు’, ‘ఐదో డైమెన్షన్‌లోకి దారి’ లాంటి థంబ్‌నెయిళ్ల వెనక మూడు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతున్నాయి: గణితం అనుమతించేది ఒకటి, ఏదో ఒక నమూనా ఊహించేది ఇంకొకటి, ప్రయోగం కొలిచి చూపించేది మరొకటి. పురాణాల్లోని పద్నాలుగు లోకాలను కూడా ఇందులోకి లాగేవాళ్లకు కొదవలేదు.

లోకాలు కావు, దిశలు

ఒక చోటును కచ్చితంగా చెప్పడానికి ఎన్ని విడివిడి సంఖ్యలు కావాలో అన్ని డైమెన్షన్లు ఉన్నట్టు. వేయిస్తంభాల గుడి మండపంలో ఒక దీపం ఎక్కడుందో చెప్పాలంటే తూర్పు పడమరల్లో ఎంత, ఉత్తర దక్షిణాల్లో ఎంత, నేల నుంచి ఎంత ఎత్తు అని మూడు సంఖ్యలు చాలు. అది ఎప్పుడు వెలిగిందో కూడా కావాలంటే నాలుగోది కాలం. ఐదో డైమెన్షన్ ఉందంటే, ఈ నాలుగూ చెప్పాక కూడా చెప్పాల్సిన సంఖ్య ఇంకొకటి మిగిలిందని అర్థం. అంతకు మించి ఏమీ లేదు.

మరి ఆ సంఖ్య అవసరం మనకు ఎప్పుడూ ఎందుకు పడలేదు? కరీంనగర్ ఫిలిగ్రీ పనిలో వాడే సన్నటి వెండి తీగను కాస్త దూరం నుంచి చూస్తే ఒట్టి గీతలా ఉంటుంది. దాని మీద ఒక చోటు చెప్పడానికి పొడవు ఒక్కటే సరిపోతుంది. భూతద్దం కింద పెడితే తీగకు చుట్టుకొలత కూడా ఉందని తెలుస్తుంది, అప్పుడు రెండు సంఖ్యలు కావాలి. అదనపు దిశ కూడా ఇలాగే చుట్టుకుపోయి ఉంటే, దానికంటే ఎంతో పెద్దవైన వస్తువులకు అది ఉన్న సంగతే తెలియదు.

ఈ ఆలోచనకు రూపం ఇచ్చింది జర్మన్ గణిత శాస్త్రవేత్త థియోడర్ కలూజా. 1919లో ఐన్‌స్టీన్‌కు పంపి, 1921లో ప్రచురించిన పత్రంలో ఆయన గురుత్వ సమీకరణాలను నాలుగుకు బదులు ఐదు డైమెన్షన్లలో రాశారు. అవి రెండుగా విడిపోయాయి. ఒక భాగం మామూలు గురుత్వం, రెండో భాగం మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలు. 1926లో స్వీడన్ శాస్త్రవేత్త ఆస్కార్ క్లెయిన్ ఆ ఐదో దిశను చిన్న వలయంగా చుట్టి, దానికి క్వాంటమ్ సూత్రం కలిపారు. వలయం చుట్టూ తిరిగే తరంగం పూర్ణ సంఖ్యల లెక్కలోనే ఇమడాలి కాబట్టి విద్యుదావేశం కూడా విడివిడి మోతాదుల్లోనే వస్తుంది. ఎలక్ట్రాన్ ఆవేశం విలువ వేసి చూస్తే వలయం చుట్టుకొలత సుమారు 10⁻³² మీటర్లు అని తేలింది. ప్రోటాన్ సైజు 10⁻¹⁵ మీటర్లు. ఎంత ముచ్చటైన లెక్క అయినా దీనికి ఒక పెద్ద లోపం ఉంది: ఇదే పద్ధతిలో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి లెక్కిస్తే అసలు విలువకు 10²¹ రెట్ల స్థాయిలో ఎక్కువ వస్తుంది.

ఆ లోపం వల్ల కొన్ని దశాబ్దాలు పక్కన పడిన ఆలోచన, గురుత్వాన్ని మిగతా బలాలతో కలపాలని చూసే సూపర్‌గ్రావిటీ, స్ట్రింగ్ సిద్ధాంతాలతో మళ్లీ లేచింది. సూపర్‌స్ట్రింగ్ గణితం పొసగాలంటే 10 డైమెన్షన్లు కావాలి. 1995లో ఎడ్వర్డ్ విటెన్ ప్రతిపాదించిన ఎం సిద్ధాంతానికి 11. థంబ్‌నెయిళ్లలో కనిపించే సంఖ్యలు ఇక్కడి నుంచి వచ్చినవే. అవి గణితం విధించిన షరతులు. ఎవరో టెలిస్కోపుతో లెక్కపెట్టి చెప్పినవి కావు.

మూడుకు ఉన్న ప్రత్యేకత కూడా పాత సంగతే. 1917లో పాల్ ఎహ్రెన్‌ఫెస్ట్ చూపినట్టు, గురుత్వం మూడు దిశల్లో పరుచుకుంటే దూరం రెట్టింపైనప్పుడు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నాలుగు దిశలుంటే ఎనిమిదో వంతుకు పడుతుంది. అలాంటి చోట గ్రహాల కక్ష్యలు నిలవవు. చిన్న కుదుపు చాలు, గ్రహం సూర్యుడిలోనైనా పడుతుంది, లేదా శాశ్వతంగా దూరమైపోతుంది. మూడు కాకపోతే మనం ఉండేవాళ్లం కాదు అనే వాదనకు ఇదే ఆధారం. మనం ఎక్కడ ఉండగలమో అది చెబుతుంది. మూడు అనే సంఖ్య ఎలా వచ్చిందో మాత్రం చెప్పదు.

కాలం లేని సమీకరణం

విశ్వ వ్యాకోచాన్ని వెనక్కి తిప్పుకుంటూ పోతే సాంద్రత అనంతమయ్యే చోటుకు చేరుతాం. 1955లో కోల్‌కతా నుంచి అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఇచ్చిన సమీకరణం, ఆ తర్వాత 1965 నుంచి 1970 మధ్య పెన్‌రోజ్, హాకింగ్ రుజువు చేసిన సిద్ధాంతాలు దీన్ని తప్పించుకోవడం తేలిక కాదని చూపాయి. అయితే ఆ చోటుకు చేరకముందే, విశ్వం వయసు 10⁻⁴³ సెకన్ల స్థాయిలో ఉన్నప్పుడే, గురుత్వానికి కూడా క్వాంటమ్ లెక్క అవసరమవుతుంది. క్వాంటమ్ కాస్మాలజీ పని అక్కడ మొదలవుతుంది.

ఎలక్ట్రాన్‌కు తరంగ ప్రమేయం ఉన్నట్టే మొత్తం విశ్వానికీ ఒకటి ఉంటుందని ఈ రంగం అనుకుంటుంది. ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంత అని ఒకటి చెబితే, విశ్వం ఏ సైజులో, ఏ ఆకారంలో ఉండే అవకాశం ఎంత అని రెండోది చెబుతుంది. దీనికి మూల సమీకరణాన్ని 1967లో బ్రైస్ డివిట్ ప్రచురించారు. జాన్ వీలర్ పేరు కూడా కలిపి వీలర్–డివిట్ సమీకరణం అంటారు. మొదటిసారి చూసేవాళ్లను తికమక పెట్టేది ఏమిటంటే ఇందులో కాలం కనిపించదు. విశ్వం బయట గడియారం పెట్టేవాళ్లు ఎవరూ లేరు కదా. లోపలున్న ఏదో ఒక రాశి, సాధారణంగా విశ్వం పరిమాణమే, గడియారం పాత్ర పోషించాలి.

పూర్తి సమీకరణాన్ని ఎవరూ సాధించలేరు. అందుకే విశ్వాన్ని ఒకటి రెండు సంఖ్యలకు కుదించి, మిగతా వివరాలు వదిలేసి లెక్క చేస్తారు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జయంత్ నార్లీకర్, థాను పద్మనాభన్ 1980లలో చేసిన క్వాంటమ్ కాస్మాలజీ పని కూడా ఇలా కుదించిన నమూనాల మీద సాగినదే. ఈ కుదింపు వల్ల లెక్క చేతికందుతుంది కానీ వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న ఎప్పుడూ వెంటే ఉంటుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. సమీకరణం ఒక్కటే జవాబు ఇవ్వదు, మొదలు ఎలా ఉందన్న షరతు కూడా కావాలి. 1982లో అలెగ్జాండర్ విలెంకిన్ విశ్వం ‘ఏమీ లేని’ స్థితి నుంచి క్వాంటమ్ టన్నెలింగ్ (మామూలుగా దాటలేని అడ్డును దాటేయడం) ద్వారా వచ్చిందన్నారు. 1983లో జేమ్స్ హార్టల్, స్టీఫెన్ హాకింగ్ విశ్వానికి మొదట్లో అంచు అనేదే లేదని, ఆ దశలో కాలం కూడా ఒక దిశలా ప్రవర్తిస్తుందని ప్రతిపాదించారు. రెండూ దగ్గరగానే అనిపిస్తాయి. కానీ అవకాశాల సూత్రంలో ఒక ప్లస్ గుర్తు, ఒక మైనస్ గుర్తు తేడా ఉంది. ఆ తేడాతో విలెంకిన్ షరతు ఎక్కువ శక్తితో మొదలై వేగంగా ఉబ్బే విశ్వాలను ఇష్టపడుతుంది, హార్టల్–హాకింగ్ షరతు తక్కువ శక్తితో మొదలయ్యే వాటిని. 2017లో జాబ్ ఫెల్డ్‌బ్రుగె, జాన్–లూక్ లేనర్స్, నీల్ టురాక్ ఈ లెక్కను మరింత కట్టుదిట్టంగా చేసి రెండింటిలోనూ విశ్వంలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు అదుపు తప్పుతాయని వాదించారు. హార్టల్ పక్షం ఒప్పుకోలేదు. ఒక్క గుర్తు మీద దాదాపు నలభై ఏళ్లుగా నడుస్తున్న తగాదా ఇది.

రెండు సైజుల విశ్వం

అదనపు దిశలు చేర్చినప్పుడు విశ్వాన్ని వర్ణించడానికి కనీసం రెండు సంఖ్యలు కావాలి: మనం చూసే మూడు దిశల సైజు ఒకటి, చుట్టుకుపోయిన దిశల సైజు ఒకటి. అవి రెండూ కలిసి పెరగాలన్న నియమం లేదు. ఎడ్వర్డ్ కాస్నర్ 1921లో కనుక్కున్న పరిష్కారాల కుటుంబంలో, ఖాళీ విశ్వంలో అన్ని దిశలూ ఒకేసారి వ్యాకోచించడం కుదరదు. కొన్ని పెరిగితే కనీసం ఒకటి కుంచించుకుపోతుంది.

1980లో అలన్ చోడోస్, స్టీవెన్ డెట్‌వైలర్ దీన్ని ఐదు డైమెన్షన్లకు వర్తింపజేశారు. మూడు దిశలు కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుంటే, నాలుగో దిశ (కాలంతో కలిపితే ఐదో డైమెన్షన్) అదే లెక్కన తగ్గుతూ పోతుంది. రేడియేషన్ నిండిన తొలి విశ్వంలో మనం ఆశించే వ్యాకోచ వేగం కూడా సరిగ్గా ఇదే. ఐదో డైమెన్షన్‌ను ఎవరూ దాచనక్కర్లేదు, విశ్వం పెద్దదయ్యే క్రమంలో అదే చిన్నదైపోయింది అన్నమాట. ఇంతకంటే పొదుపైన వివరణ దొరకడం కష్టం. లోటు ఏమిటంటే, మూడు పెరగాలి, ఒకటి తగ్గాలి అనే పంపకాన్ని మనమే మొదట్లో చేతితో పెడుతున్నాం. సమీకరణం దాన్ని ఎంచుకోలేదు.

ఆ ఎంపిక కోసమే క్వాంటమ్ లెక్కకు వెళ్తారు. రెండు సైజులతో వీలర్–డివిట్ సమీకరణం రాస్తే అది మామూలు తరంగ సమీకరణాన్ని పోలి ఉంటుంది. మొత్తం ఘనపరిమాణానికి ఒక గుర్తు, రెండు సైజుల మధ్య తేడాకు వ్యతిరేక గుర్తు వస్తాయి. అంటే ఘనపరిమాణం గడియారంలా, సైజుల తేడా స్థానంలా పనిచేస్తుంది. అప్పుడు ‘మూడు పెద్దవి, మిగతావి చిన్నవి’ అనేది ఆ తరంగం ఎటువైపు ఎక్కువగా పోగవుతుందన్న ప్రశ్నగా మారుతుంది. లెక్కగా అడగగలిగే ప్రశ్న ఇప్పుడు చేతిలో ఉంది, అది చిన్న లాభం కాదు. కానీ తరంగం ఎటు పోగవుతుందో మొదటి షరతును బట్టి, అదనపు దిశల వంపును బట్టి, వాటిలో నింపిన క్షేత్రాలను బట్టి మారుతుంది. ఒక నమూనాలో మూడు గెలిస్తే ఇంకో నమూనాలో గెలవదు.

తీగల లెక్క

మూడు అనే సంఖ్యను చేతితో పెట్టకుండా రాబట్టడానికి జరిగిన ప్రయత్నాల్లో బాగా పేరొచ్చింది 1989లో రాబర్ట్ బ్రాండెన్‌బర్గర్, కుమ్రున్ వఫా చేసినది. స్ట్రింగ్ సిద్ధాంతంలో 9 స్థల దిశలు. మొదట్లో అన్నీ సమానంగా, అతి చిన్నగా చుట్టుకుని ఉన్నాయనుకుంటారు. వాటి చుట్టూ స్ట్రింగులు చుట్టుకుని ఉంటాయి. చుట్టుకున్న స్ట్రింగ్ సాగాలంటే శక్తి కావాలి, కాబట్టి ఆ దిశ పెరగకుండా అది పట్టి ఉంచుతుంది. ఒక దిశ పెరగాలంటే దాని చుట్టూ ఉన్న స్ట్రింగులు, వ్యతిరేకంగా చుట్టుకున్న స్ట్రింగులు ఒకదాన్నొకటి తాకి రద్దయిపోవాలి.

తాకుతాయా లేదా అన్నది దిశల సంఖ్య మీద ఆధారపడుతుంది. స్ట్రింగ్ ఒక గీత. కాలంతో కదిలినప్పుడు అది రెండు డైమెన్షన్ల ఉపరితలాన్ని గీస్తుంది. రెండు స్ట్రింగులవి కలిపితే నాలుగు. స్థలకాలం నాలుగు డైమెన్షన్లకు మించకపోతే ఆ రెండు ఉపరితలాలు ఎక్కడో ఒకచోట కలుసుకుంటాయి, మించితే దాదాపుగా ఎప్పుడూ పక్క నుంచే వెళ్లిపోతాయి. నాలుగులో కాలాన్ని తీసేస్తే మూడు. కాబట్టి గరిష్ఠంగా మూడు దిశల్లోనే స్ట్రింగులు రద్దై, ఆ మూడే పెరుగుతాయి, మిగతా ఆరు చుట్టుకునే ఉండిపోతాయి.

ఇంత చిన్న కూడికతో ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు రావడం వల్లే ఇది పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వాటిలో తక్కువగా కనిపించే సంగతి తర్వాత ఏం జరిగిందన్నది. 2000 దశకం మధ్యలో రిచర్డ్ ఈస్తర్, బ్రయన్ గ్రీన్, మార్క్ జాక్సన్, డేనియల్ కబాట్ స్ట్రింగులు ఎంత వేగంగా రద్దవుతాయో, విశ్వం ఎంత వేగంగా పెరుగుతుందో రెండూ కలిపి లెక్కించారు. చాలా సందర్భాల్లో స్ట్రింగులు అన్ని దిశల్లోనూ రద్దైపోవడమో, లేక అన్ని దిశల్లోనూ అలాగే చిక్కుకుపోవడమో కనిపించింది. మూడుకు ప్రత్యేక మొగ్గు రావాలంటే మొదటి పరిస్థితులను జాగ్రత్తగా ఎంచుకోవాల్సి వస్తోంది. వాదన చచ్చిపోలేదు, కానీ దాని పదును తగ్గింది.

దాచడం తేలిక, నిలపడం కష్టం

జనాదరణ ఉన్న వివరణలన్నీ అదనపు దిశలు ఎందుకు కనిపించవన్న దగ్గరే ఆగిపోతాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు అసలు టెన్షన్ వేరే చోట ఉంది. కలూజా–క్లెయిన్ లెక్కలో విద్యుత్ బలం ఎంత ఉండాలో వలయం సైజే నిర్ణయిస్తుంది. వలయం మెల్లగా మారుతుంటే భౌతిక స్థిరాంకాలు కూడా మారాలి. చోడోస్–డెట్‌వైలర్ నమూనాలో వలయం తగ్గుతూనే ఉంటుంది, అంటే స్థిరాంకాలు ఎప్పటికీ స్థిరంగా ఉండవు.

అవి మారలేదని చెప్పే సాక్ష్యాలు బలంగా ఉన్నాయి. విశ్వం వయసు కొన్ని నిమిషాలున్నప్పుడు తయారైన హీలియం పాళ్లు ఇప్పటి స్థిరాంకాలతోనే సరిపోతున్నాయి. ఆఫ్రికాలో గాబోన్ దేశంలోని ఓక్లో యురేనియం గనిలో దాదాపు 200 కోట్ల ఏళ్ల కింద దానంతటదే నడిచిన అణు రియాక్టర్ ఆనవాళ్లు 1972లో బయటపడ్డాయి. అక్కడి ఐసోటోపుల పాళ్లను బట్టి విద్యుదయస్కాంత బలం అప్పటి నుంచి సుమారు కోటిలో ఒక వంతుకు మించి మారలేదని తేలింది. వరంగల్, కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్ గుట్టలు అంతకంటే పాతవి, దాదాపు 250 కోట్ల ఏళ్లవి. అలాంటి రాళ్లకు వయసు కట్టే రేడియోధార్మిక పద్ధతులన్నీ క్షయం వేగం మారలేదన్న నమ్మకం మీదే నడుస్తాయి. ఉల్కల్లో వేర్వేరు మూలకాల క్షయంతో లెక్కించినా వయసు ఒకేలా రావడం ఆ నమ్మకాన్ని నిలబెడుతోంది.

కాబట్టి అదనపు దిశలు ఉంటే, అవి మొదటి నిమిషాలకే ఒక సైజు దగ్గర ఆగి, అక్కడే బిగుసుకుపోయి ఉండాలి. ఏది బిగించింది? 1980లో పీటర్ ఫ్రాయిండ్, మార్క్ రూబిన్ ఒక దారి చూపారు. చుట్టుకున్న దిశల గుండా అయస్కాంత క్షేత్రం వంటి ఒక క్షేత్రం పారుతుంటే, దిశలు కుంచించుకుపోయేకొద్దీ అది ఎదురు తోస్తుంది, ఒక సైజు దగ్గర సమతుల్యం వస్తుంది. 2003లో షమిత్ కచ్రు, రెనాటా కల్లోష్, ఆంద్రే లిండే, టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన సందీప్ త్రివేది దీన్ని స్ట్రింగ్ సిద్ధాంతంలోకి తెచ్చి, వ్యాకోచం వేగం పుంజుకుంటున్న మన విశ్వానికి సరిపోయేలా ఒక నిర్మాణం ఇచ్చారు. దాంతో ఇంకో తలనొప్పి వచ్చింది. ఇలా బిగించగల మార్గాలు 10⁵⁰⁰ దాకా ఉండొచ్చని అంచనా. అందులో మనది ఏది, ఎందుకు అన్నది చెప్పాలంటే మళ్లీ విశ్వం తరంగ ప్రమేయం దగ్గరికే, ఆ ప్లస్ మైనస్ తగాదా దగ్గరికే రావాలి. అసలు అలాంటి నిలకడైన స్థితులు స్ట్రింగ్ సిద్ధాంతంలో సాధ్యమేనా అని 2018 నుంచి వఫా బృందం ప్రశ్నిస్తోంది.

విటెన్ 1982లో చూపిన ఇంకో ఫలితాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేం. వలయంగా చుట్టిన ఐదో డైమెన్షన్ ఉన్న ఖాళీ స్థలం, దాన్ని కాపాడే ప్రత్యేక ఏర్పాటు లేకపోతే, క్వాంటమ్ టన్నెలింగ్ వల్ల తనంతట తానే కూలిపోగలదు. ఒక చోట వలయం సున్నా అవుతుంది. అక్కడ స్థలం ముగిసిపోయి ఒక బుడగ పుడుతుంది, దాని లోపల ఏమీ ఉండదు, ఖాళీ స్థలం కూడా ఉండదు. అది దాదాపు కాంతి వేగంతో పెరుగుతుంది. ‘ఏమీ లేని’ స్థితి నుంచి విశ్వం పుట్టిందనే లెక్క, విశ్వం ‘ఏమీ లేని’ స్థితికి జారిపోవచ్చనే లెక్క ఒకే పనిముట్లతో చేసినవి. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని పట్టించుకోకుండా ఉండడం కుదరదు. సరైన ఏర్పాటు ఉన్న సిద్ధాంతాల్లో ఈ ప్రమాదం ఉండదని కూడా విటెన్ పత్రమే చెబుతుంది.

కొలతలు ఏం చెబుతున్నాయి

1998లో నీమా అర్కానీ–హమీద్, సవాస్ దిమోపౌలోస్, గియా ద్వాలీ అదనపు దిశలు అంత చిన్నవి కానక్కర్లేదని, గురుత్వం ఒక్కటే వాటిలోకి వెళ్లగలిగితే మిల్లీమీటరు స్థాయిలో కూడా ఉండొచ్చని అన్నారు. దాంతో ప్రశ్న ప్రయోగశాలకు వచ్చింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం 2020లో 52 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరం వరకు గురుత్వాన్ని కొలిచింది. న్యూటన్ సూత్రమే సరిపోయింది. దాని ప్రకారం అతి పెద్ద అదనపు దిశ కూడా 30 మైక్రాన్లకు లోపే ఉండాలి. తల వెంట్రుక మందంలో సగం అనుకోవచ్చు. కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం ఎల్‌హెచ్‌సీలో కూడా అదనపు దిశల గుర్తులేవీ దొరకలేదు. విశ్వ వ్యాకోచానికి వేగం పెంచుతోందనుకునే డార్క్ ఎనర్జీ విలువను ఆధారం చేసుకుని ఒకే ఒక దిశ మైక్రాన్ స్థాయిలో ఉండొచ్చని 2022లో మిగెల్ మోంటెరో, వఫా, ఐరీన్ వాలెన్జువెలా ప్రతిపాదించారు. అది ఈ హద్దుకు దగ్గర్లోనే ఉంది కాబట్టి ప్రయోగంతో తేల్చగలిగిన కొద్ది ప్రతిపాదనల్లో ఒకటి.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు గురుత్వ తరంగాలు (స్థలకాలంలో లేచే అలలు), కాంతి రెండూ భూమికి చేరాయి. దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. గురుత్వం వేరే దిశల్లోకి కారిపోతూ ఉంటే తరంగం ఆ దూరానికి తగినదాని కంటే బలహీనంగా ఉండాలి. అలా లేదని 2018లో విశ్లేషణ వచ్చింది. ‘అదనపు డైమెన్షన్లు లేవని తేలిపోయింది’ అని అప్పుడు కొన్ని శీర్షికలు వచ్చాయి. అది అతి. ఆ కొలత తోసిపుచ్చింది పెద్దగా పరుచుకున్న దిశలను. చుట్టుకుపోయిన చిన్న దిశల గురించి అది ఏమీ చెప్పదు.

ఉత్తర తెలంగాణకు దగ్గర్లోనే ఇలాంటి కొలతలకు ఒక కేంద్రం రాబోతోంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔండా నాగనాథ్ దగ్గర గురుత్వ తరంగాలను పట్టే లైగో–ఇండియా నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ రూ.2,600 కోట్లతో ఆమోదం తెలిపింది. హింగోలిని ఆనుకుని నాందేడ్, నాందేడ్‌ను ఆనుకుని నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాలు. ఒక్కో చేయి 4 కిలోమీటర్లు ఉండే ఈ డిటెక్టర్ విశ్వం మొదటి క్షణపు తరంగాలను నేరుగా పట్టుకుంటుందని ఆశించడానికి లేదు. మామూలు వ్యాకోచ నమూనాల్లో అవి దీని పరిధిలోని పౌనఃపున్యాల్లో ఎంతో బలహీనంగా ఉంటాయి. దీని ఉపయోగం ఇంకో రకం. నాలుగు డైమెన్షన్ల గురుత్వంలో తరంగానికి రెండే ధ్రువణాలు, అంటే స్థలాన్ని సాగదీసే తీరులు. అదనపు దిశ సైజు కదలగలిగితే మూడోది ఒకటి చేరుతుంది, అది దాటుతున్నప్పుడు తరంగానికి అడ్డంగా ఉన్న స్థలం అన్ని వైపులా ఒకేసారి ఉబ్బి తగ్గుతుంది. అమెరికాలోని రెండు లైగోలు దాదాపు ఒకే వాలులో ఉన్నాయి కాబట్టి ధ్రువణాలను విడదీయడం వాటికి కష్టం. ఇటలీలోని విర్గో, జపాన్‌లోని కాగ్రాతో పాటు వేరే వాలులో ఇంకొక డిటెక్టర్ ఉంటే ఆ పని తేలికవుతుంది. ఆ మూడో ధ్రువణం కనిపిస్తే చుట్టుకున్న దిశ ఇంకా వదులుగా ఉందని అర్థం, ఓక్లో సాక్ష్యంతో దాన్ని ఎలా పొసగించాలన్న పని మొదలవుతుంది. కనిపించకపోతే దిశలు లేకపోవచ్చు, లేదా గట్టిగా బిగుసుకుపోయి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏదన్నది ఆ డిటెక్టర్ తేల్చలేదు.